కొట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు, ఆగడమే నేర్పాలి

ఆదివారం సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండి దగ్గర తరచూ కనిపించే దృశ్యమే. రెండున్నరేళ్ల బుడతడు అక్క చేతిలోని పొట్లం లాక్కోబోతాడు, ఇవ్వకపోతే చెయ్యి కొరికేస్తాడు. తల్లి వాడి వీపు మీద ఒక్కటి వేసి, "అక్కని అలా చెయ్యొచ్చా?" అంటుంది. పక్కనున్న పెద్దాయన తప్పంతా సెల్‌ఫోన్ మీదకు తోసేస్తాడు.

సెల్‌ఫోన్ పుట్టకముందు కూడా రెండేళ్ల పిల్లలు కొరికేవాళ్లే. కెనడా పరిశోధకుడు రిచర్డ్ ట్రెంబ్లే బృందం మాంట్రియల్‌లో 1984 నుంచి మగపిల్లల్ని ఏళ్ల తరబడి గమనించింది. వయసుతోపాటు కొట్లాటలు పెరుగుతాయన్నది అప్పటి అంచనా. తేలింది వేరు: చాలామందిలో అవి తగ్గుతూ వచ్చాయి. ఇంకా చిన్నవాళ్లను గమనిస్తే కొట్టడం, తోయడం, లాక్కోవడం రెండు నుంచి నాలుగేళ్ల మధ్య పతాకస్థాయిలో ఉండి, ఆపైన దిగుతాయని తెలిసింది. అంటే పిల్లలు పెరుగుతూ మానుకుంటున్నారు. మనం అడగాల్సింది వాడికి కొట్టడం ఎవరు నేర్పారని కాదు, మానడం ఎవరు నేర్పుతారని.

చూసి నేర్చుకునేదేమీ లేదని కాదు. 1961లో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగంలో, గాలి బొమ్మను పెద్దలు బాదడం చూసిన పిల్లలు అచ్చం అలాగే, అవే మాటలంటూ బాదారు. అందుకే ఆ తల్లి వేసిన దెబ్బలో చిక్కుంది. నోరు చెప్పేది ఒకటి, చెయ్యి చూపేది ఇంకొకటి. బడిలో పిల్లల్ని కొట్టడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. ఇళ్లలో మాత్రం ఇంకా 'దండం దశగుణం భవేత్' నడుస్తోంది.

ఇక ఆగడం సంగతి. మనస్తత్వవేత్త వాల్టర్ మిషెల్ మార్ష్‌మాలో (మెత్తటి మిఠాయి) పరీక్ష చాలామందికి తెలిసిందే: ఇప్పుడే తింటే ఒక మిఠాయి, ఆగితే రెండు. ఆగిన పిల్లలే జీవితంలో ముందుకెళ్తారని దీన్ని చూపించి చెప్పని వ్యక్తిత్వ వికాస వక్త లేడు. 2018లో దాదాపు 900 మంది పిల్లల వివరాలతో మళ్లీ చూస్తే, ఇంటి పరిస్థితుల్ని లెక్కలోకి తీసుకునేసరికి ఆ సంబంధం చాలావరకు కరిగిపోయింది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో చేసి, 2013లో ప్రచురించిన చిన్న ప్రయోగం. ముందుగా పిల్లలకు మంచి రంగులు తెచ్చిస్తామన్నారు. కొందరికి తెచ్చారు, కొందరికి "అయిపోయాయి" అని చెప్పారు. తర్వాత మిఠాయి పెట్టి చూస్తే, మాట నిలబెట్టుకున్న పెద్దల ముందు పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పినవాళ్ల ముందు మూడే. ఆ మూడు నిమిషాల పిల్లల్ని తప్పుపట్టలేం. లోకాన్ని సరిగ్గానే అంచనా వేశారు.

మన ఇళ్లలో "వచ్చేటప్పుడు కొంటాలే" అన్నది ఎన్నిసార్లు నిజమవుతుంది? అన్నం తినకపోతే వస్తానన్న పోలీసు ఎప్పుడైనా వచ్చాడా? అదే వినాయక చవితినాడు చూడండి. నైవేద్యం అయ్యేదాకా కుడుముల జోలికి వెళ్లకూడదంటే నాలుగేళ్ల పిల్ల కూడా ఆవిరి వాసన పీలుస్తూ కూర్చుంటుంది. పూజ అవ్వగానే ప్రసాదం చేతిలో పడుతుందని ఆమెకు తెలుసు. జపాన్ పిల్లలు తిండి కోసం బాగా ఆగుతారనీ, అమెరికా పిల్లలు కానుకల కోసం ఆగుతారనీ 2022 నాటి అధ్యయనం చెప్పింది. ఏ ఇంటి అలవాటు ఎలా ఉంటే ఆ ఓపిక.

నీతి కూడా పెద్దల ఉపన్యాసాల్లో కంటే ఆటలోనే ఎక్కువ కుదురుతుందని నా నమ్మకం. స్విస్ మనస్తత్వవేత్త పియాజే గోలీలాడే పిల్లల్ని గమనించి 1932లో రాసిందీ ఇదే దారి: చిన్నవాళ్లకు నియమం మార్చరానిది, పెద్దయ్యేకొద్దీ అది అందరూ ఒప్పుకుంటే మార్చుకోగలిగేది. మన గల్లీ క్రికెట్‌లో గోడ దాటితే ఔట్ అని ఎవరు రాశారు? తొండి చేసినవాడిని పక్కన పెట్టేదీ, మరునాడు పిలిచేదీ వాళ్లే. బుడ్డోడిని 'ఆటలో అరటిపండు'గా చేర్చుకుని, ఔటైనా బ్యాట్ లాక్కోకుండా ఆడించేదీ వాళ్లే.

ఎంవీపీ కాలనీ నుంచి మధురవాడ దాకా ఎన్నో అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు ఆ ఆటకు చోటు లేదు. కార్ల అద్దాలు పగులుతాయని పార్కింగ్‌లో బంతి ఆడనివ్వరు. ఈ కాలం పిల్లలకు సర్దుకుపోవడం తెలీదన్న మాట వినిపించేదీ ఆ అసోసియేషన్ మీటింగుల్లోనే. సాయంత్రం 5 నుంచి 7 దాకా కార్లు కాస్త పక్కకు జరిపితే సరిపోతుంది. అద్దం పగిలితే ఆ డబ్బులెవరిస్తారో కూడా పిల్లల్నే తేల్చుకోనివ్వండి.