మా అమ్మకి వణుకుడు జబ్బు లేదండీ, పరామర్శలు ఆపండి

ఇప్పుడే మెడికల్ షాపు నుంచి వచ్చాను. చెమట కూడా తుడుచుకోకుండా టైప్ చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

అమ్మకి ప్రామిపెక్సోల్ మాత్రలు అడిగితే కౌంటర్లో అబ్బాయి చీటీ చూసి, వెనక నలుగురు వింటుండగా "అయ్యో, ఆంటీకి వణుకుడు జబ్బా అక్కా?" అన్నాడు. ఆ నలుగురిలో మా కింద పోర్షన్ ఆవిడ ఒకరు. నేను ఇల్లు చేరేలోపే అమ్మకి ఫోన్ చేసి ధైర్యం చెప్పేసింది. ఇప్పుడు అమ్మ "నాకు పార్కిన్సన్ అని దాచారా? ఆ మాత్ర ఇక ముట్టను" అని కూర్చుంది. అలా ఉన్నట్టుండి ఆపకూడని మందు అది. ఎవరికి చెప్పుకోను?

పార్కిన్సన్ లేదు మహాప్రభో! రాత్రి నడుం వాల్చగానే పిక్కల్లో జెర్రులు పాకినట్టు ఉంటుంది ఆవిడకి. కదిలిస్తే తప్ప ఊరుకోదు. లేచి హాల్లో పచార్లు చేస్తుంది. రెస్ట్‌లెస్ లెగ్స్ అంటారు. మెదడులో డోపమైన్ అనే రసాయనం చేసే పనే ఈ మందూ చేస్తుంది కాబట్టి రెండిటికీ రాస్తారు. అమెరికాలో 1997లో పార్కిన్సన్‌కి, 2006లో కాళ్ళకి అనుమతి వచ్చింది, నిన్నటి మాట కాదు. పార్కిన్సన్ వాళ్ళకైతే రోజుకి మూడుసార్లు. అమ్మకి 0.125 మిల్లీగ్రాముల బిళ్ళ ఒక్కటి, పడుకోడానికి రెండు మూడు గంటల ముందు. ఆ తేడా చీటీ మీదే ఉంది నాయనా, చదవడం వస్తే.

అయినా కుర్రాణ్ణి అని ఏం లాభం? రాసిన డాక్టరుగారు మాకిచ్చింది నాలుగు నిమిషాలు. "ఎన్నాళ్ళు వాడాలి సార్" అంటే "గూగుల్ చూడకండమ్మా" అన్నారు. నేను గూగుల్ మాటే ఎత్తలేదు! అమ్మకి షుగర్ ఉంది, ఈ మందు బయటికి పోయేది కిడ్నీల నుంచే, ఆ టెస్టు ఊసే లేదు. ఐరన్ తక్కువైతే ఈ కాళ్ళ గోల పెరుగుతుంది కదా, ఒంట్లో ఐరన్ నిల్వ చూసే ఫెరిటిన్ టెస్టు నేను పట్టుబడితే రాశారు. తక్కువే వచ్చింది. ఏళ్ళ తరబడి వాడితే మందే జబ్బుని పెంచి, రాత్రి వచ్చేది సాయంత్రానికే మొదలై చేతులకీ ఎక్కొచ్చని, అందుకే మొదట దీన్నే రాయొద్దని అమెరికా నిద్ర వైద్యులు 2025లో చెప్పారు. అది కూడా నేనే వెతుక్కోవాలా?

నా మంట అసలు ఇది కాదు. మా పెదనాన్న.

ఆయనకి నిజంగానే పార్కిన్సన్. ఇదే మందు, పెద్ద డోసు. జన్మలో పేక ముక్క ముట్టని మనిషి, అరవై ఎనిమిదేళ్ళకి తోటల వెంట పేకాటకి తిరిగాడు. ఎకరం పోయింది. పెద్దమ్మ గాజులు పోయాయి. "పోయే కాలం వచ్చింది" అన్నారు అందరూ. జూదం, కొనుగోళ్ళు, తిండి, ఏదో ఒకదాని మీద ఆపుకోలేని యావ పుట్టొచ్చని ఆ మందు కాగితంలోనే ఉంటుంది. మనకేమో పది బిళ్ళలు కత్తెరతో కోసి కవర్లో వేసిస్తారు, కాగితం ఎవడికి దొరుకుతుంది? వేరే డాక్టరు డోసు తగ్గించాక రెండు నెలల్లో పేకాట దానంతటదే పోయింది. ఎకరం మాత్రం తిరిగి రాలేదు.

పెదనాన్న పోయి ఐదేళ్ళు. ఇప్పటికీ ఏ పెళ్ళిలో నలుగురు చేరినా మా బాబాయి "అన్నయ్య ముక్కల్లో పోగొట్టాడు" అని నవ్వుతూ చెప్తాడు. ఆ ఎకరం ఆనుకుని ఉన్న చేను ఎవరిదో, సగం ధరకి కొన్నది ఎవరో మాత్రం చెప్పడు. ఇదిగో, ఇందాకే ఫ్యామిలీ గ్రూపులో "వదినకి దూలగొండి పొడి పట్టించండి" అని వీడియో పెట్టాడు. దూలగొండిలో లెవోడోపా, అదే పార్కిన్సన్‌కి ఇచ్చే మందు, ఉన్న మాట నిజమే బాబాయ్. పొడిలో ఎంత ఉందో తూచి చెప్పు, పట్టిస్తాను.

ఇది రాస్తుండగానే బెల్లు మోగింది. కింద పోర్షన్ ఆవిడ, చేతిలో హార్లిక్స్ సీసా. అమ్మ కాళ్ళు ఊపుకుంటూనే అందుకుంది.