వీధి స్తంభాన్ని చూసి నెట్ పెట్టించుకోండి

తిరుపతిలో ఇల్లు మారిన ప్రతి కుటుంబమూ మొదటి వారంలోనే అడిగే ప్రశ్న: ఏ కంపెనీ నెట్ మంచిది? ఊరంతటికీ సరిపోయే జవాబు దీనికి లేదు. కొర్లగుంటలో ఏడాదంతా నిలకడగా నడిచే కనెక్షన్, అదే కంపెనీది, అదే ప్లానుతో, మంగళంలో వాన పడినప్పుడల్లా పడిపోవచ్చు. కంపెనీ యంత్రాంగం రెండిళ్లకూ ఒకటే. వేరయ్యేది చివరి కిలోమీటరు. తీగ ఎక్కడి నుంచి వచ్చింది, ఏ స్తంభానికి వేలాడుతోంది, దారిలో ఎన్ని అతుకులు పడ్డాయి, తెగితే నిచ్చెన వేసుకుని వచ్చేదెవరు? ప్లాను కాగితం పక్కన పెట్టి ముందు ఈ నాలుగూ తేల్చుకోవాలి.

ఊళ్లో నెట్ ఇచ్చేవి బీఎస్ఎన్ఎల్, జియో, ఎయిర్‌టెల్, 2017 డిసెంబరులో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్, ఇవి కాక చిన్నాచితకా స్థానిక సంస్థలు. ఎవరి కథ ఏమిటో అందరికీ తెలిసిందే. ఏపీ ఫైబర్‌నెట్ ఇళ్లకు చేరింది కేబుల్ ఆపరేటర్ల ద్వారానే. బీఎస్ఎన్ఎల్ కూడా చాలాచోట్ల ఫైబర్ కనెక్షన్లను స్థానిక భాగస్వాములతో ఆదాయం పంచుకుని ఇస్తోంది. బిల్లు మీద పేరు ఏదైనా, గుమ్మం దాకా తీగ లాగే చెయ్యి మాత్రం మన వీధిదే.

మొదట, అమ్ముతున్నది నిజంగా ఫైబరేనా, అంటే వెలుతురు మోసే గాజు పోగేనా అని చూడండి. కొన్నిచోట్ల ఫైబర్ వీధి మొదట్లోనో, అపార్టుమెంటు మిద్దె మీదో ఆగిపోతుంది. అక్కడొక స్విచ్ (ఒక లైనును చాలా ఇళ్లకు పంచే పెట్టె) పెట్టి, దాన్నుంచి ఇంటికి మామూలు ల్యాన్ తీగ లాగుతారు. అది రాగి. దగ్గర్లో పిడుగు పడితే స్విచ్ పోర్టూ, ఇంట్లో రౌటరూ కలిసి కాలిపోతాయి. 100 మీటర్లు దాటితే ల్యాన్ తీగ మీద భరోసా ఉండదు. పైగా ఆ స్విచ్‌కు కరెంటు ఎవరో ఒకరి మీటరు నుంచి వస్తుంది. వాళ్లింట్లో ఫ్యూజు పోతే మీ నెట్ పోతుంది. గుర్తుపట్టడం తేలికే. ఇంట్లోకి వచ్చిన తీగ చివర ఆకుపచ్చ చదరపు కనెక్టరు ఉంటే ఫైబర్. ఎనిమిది పిన్నుల ప్లాస్టిక్ క్లిప్పు ఉంటే ల్యాన్. రెండోది చూపించి ఫైబర్ అంటే ఒప్పుకోకండి.

ఫైబరే అయితే అసలు లెక్క వెలుతురుది. చాలామంది వదిలేసేదీ, అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. ఆపరేటరు గదిలో ఓఎల్‌టీ అనే పెట్టె ఉంటుంది. దాని ఒక్కో పోర్టు నుంచి ఒక్క గాజు పోగు బయలుదేరుతుంది. దారిలో ఉన్న స్ప్లిటరు డబ్బాలు ఆ వెలుతురును 32 ఇళ్లకో, 64 ఇళ్లకో పంచుతాయి. 32 పాళ్లు చేసేసరికే దాదాపు 17 డీబీ (డెసిబెల్, వెలుతురు తరుగును కొలిచే లెక్క) ఖర్చవుతుంది. ప్రతి 3 డీబీకి వెలుతురు సగమవుతుందన్నది ఇక్కడి సూత్రం. తీగ పొడవు మీద కిలోమీటరుకు 0.3 డీబీ చొప్పున పోతుంది. మిషనుతో కరిగించి అతికిన జాయింటు 0.1 డీబీ కూడా తినదు. చేత్తో బిగించే ఫాస్ట్ కనెక్టరు ఒక్కోటి 0.5 దాకా తినేస్తుంది, కాలం గడిచేకొద్దీ వదులవుతుంది కూడా.

ఇన్ని కోతల తర్వాత ఇంట్లోని ఓఎన్‌టీకి, అంటే ఫైబర్ వచ్చి చేరే చిన్న పెట్టెకు, అందే వెలుతురు మైనస్ 8కీ మైనస్ 27కీ మధ్య ఉండాలి, డీబీఎం (అందిన వెలుతురు బలం) లెక్కలో. మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుతురు తక్కువని అర్థం. మైనస్ 18 నుంచి మైనస్ 24 దాకా ఉంటే నిశ్చింత. మైనస్ 26 ఉన్న ఇల్లు ఎండాకాలమంతా నిక్షేపంగా నడుస్తుంది, స్పీడ్ టెస్టులో నూటికి నూరూ చూపిస్తుంది. జాయింటు డబ్బాలోకి చెమ్మ దిగినా, కపిలతీర్థం, జీవకోన వైపు కొండ కింది ఇళ్లలోలాగా కోతులు తీగ పట్టుకుని ఊగినా ఒకటి రెండు డీబీలు పోతాయి. అంతే, ఓఎన్‌టీ మీద ఎర్ర లైటు. మన ప్రాంతంలో గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు వరద చూసినవాళ్లకు ఆ వానల బలం వేరే చెప్పక్కర్లేదు. ఏప్రిల్‌లో పెట్టించుకుని బాగుందనుకున్న కనెక్షన్‌కు అసలు పరీక్ష ఆరు నెలల తర్వాత మొదలవుతుంది. అందుకే పక్కింటివాళ్లను స్పీడు ఎంతొస్తోందని అడగడం కన్నా, పోయిన నవంబరులో ఎన్ని రోజులు పోయిందని అడగడం మేలు.

తీగ లాగే రోజు ఇంట్లో ఒకరు దగ్గరుండాలి. లైన్‌మన్ దగ్గర వెలుతురు కొలిచే పవర్ మీటరు ఉంటుంది. కనెక్టరు బిగించాక మీటరులో అంకె చూపించమని అడిగి ఫోటో తీసుకోండి. మైనస్ 25 కన్నా కిందికి పోతే అక్కడే ఆపి, స్తంభం మీది జాయింటు మళ్లీ వేయించుకోండి. ఆ రోజైతే పది నిమిషాల పని, వదిలేస్తే తర్వాత పది ఫిర్యాదులు. తీగను మేకులతో నొక్కి కొట్టనివ్వకండి. మూలల దగ్గర అరచేతిలో పట్టేంత వంపు తిప్పించండి, బిగువుగా మడిస్తే వెలుతురు బయటికి పోతుంది. గోడకు వేసే బెజ్జం బయటివైపు వాలుగా ఉండాలి. తీగ లోపలికి వచ్చే ముందు బెజ్జం కన్నా కిందికి జోలెలా వంగి వేలాడితే వాన నీరు అక్కడే కారిపోతుంది, లేకపోతే తీగ వెంబడే స్విచ్ బోర్డు దాకా వస్తుంది. రెండు మూడు మీటర్ల తీగ చుట్ట మిగిలించుకోండి. ఆకుపచ్చ కనెక్టరును నీలం దానిలో దూర్చి సరిపెడితే ఒప్పుకోవద్దు, వాటి చివరల కోత కోణాలు వేరు. ఊడిన తీగ చివరను కంటి దగ్గర పెట్టి చూడకండి, పిల్లలను అసలే చూడనివ్వకండి. ఆ వెలుతురు కంటికి కనిపించదు కానీ కన్నును దెబ్బతీయగలదు.

ఇక రాత్రి సంగతి. జీపాన్ అనే ఈ పంపకం పద్ధతిలో ఒక పోర్టుకు సెకనుకు కిందికి (డౌన్‌లోడ్) 2.5 గిగాబిట్లు, పైకి (అప్‌లోడ్) 1.25 గిగాబిట్లు. 64 ఇళ్లకు తలా 100 ఎంబీపీఎస్ అమ్మితే 6.4 గిగాబిట్లు అవుతుంది. అందరూ ఒకేసారి వాడరు కాబట్టి ఇందులో మోసం లేదు. ఇరుకు వచ్చేది ఎక్కువగా ఆ పైన, ఓఎల్‌టీ నుంచి బయటికి పోయే లింకులో. రెండు వేల ఇళ్లకు తగినంత లింకు కొనకుండా నడిపితే పగలు 100 వచ్చే నెట్ రాత్రి తొమ్మిదికి 15కు పడుతుంది. కాబట్టి ఊళ్లోనే ఆ కంపెనీ వాడుతున్న ఇంట్లో, ల్యాప్‌టాప్‌ను తీగతో కలిపి, రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య మూడు రోజులు పరీక్షించండి. వైఫై మీద చేసిన పరీక్ష గోడల గురించి చెబుతుంది, లైను గురించి చెప్పదు. టెస్టు పెట్టేటప్పుడు సర్వరు కూడా మార్చండి. దానంతటదే ఎంచుకునేది చాలాసార్లు ఆ కంపెనీ సొంత సర్వరే.

పింగ్, అంటే సర్వరుకు కబురు పోయి రావడానికి పట్టే మిల్లీసెకన్లు, చూసేవాళ్లు తక్కువ. తిరుపతివాళ్లు మాత్రం తప్పక చూడాలి, ఎందుకంటే మనం చెన్నైకి 150 కిలోమీటర్ల లోపే ఉన్నాం. సముద్రపు కేబుళ్లు ఒడ్డెక్కే ఊరది. గాజులో వెలుతురు 100 కిలోమీటర్లు పోయి రావడానికి ఒక మిల్లీసెకను చాలు. అంటే చెన్నై సర్వరుకు పింగ్ పది లోపు రావాలి. 25, 30 వస్తోందంటే మీ ట్రాఫిక్ ముందు హైదరాబాద్‌కో, ఇంకా దూరానికో పోయి అక్కడి నుంచి చెన్నైకి వస్తోందన్న అనుమానం సబబే. టెలికాం లెక్కల్లో ఆంధ్ర, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్. ఆ ఏర్పాటు ప్రకారం హైదరాబాద్ కేంద్రంగా నెట్‌వర్క్ గీస్తే పక్కనున్న చెన్నైని వదిలి 550 కిలోమీటర్ల అవతలికి దారి పడుతుంది. సినిమా చూడ్డానికి ఈ తేడా తెలియదు. ఇంటి నుంచి ఆఫీసు పనిచేసేవాళ్లకు, వీడియో కాల్‌లో మాట్లాడేవాళ్లకు, ఆటలాడే పిల్లలకు రోజూ తెలుస్తుంది. ఒకే వీధిలో రెండు కంపెనీలు ఉంటే, మిగతావన్నీ సమానమైతే, చెన్నైకి నేరుగా పోయేదాన్నే ఎంచుకోండి.

కరెంటు విషయంలో లైన్‌మన్‌ను సూటిగా అడగండి: "అన్నా, మీ ఓఎల్‌టీ ఏడుంది? కరెంటు పోతే ఎన్ని గంటలు నిలబడుతుంది?" జవాబు తడబడితే ఇన్వర్టరు లేదని అర్థం. మీ వైపు ఓఎన్‌టీ సాధారణంగా 12 వోల్టుల మీద నడుస్తుంది. అడాప్టరు మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసి దానికి సరిపడే చిన్న రౌటర్ యూపీఎస్ పెట్టుకుంటే రెండు మూడు గంటలు గడుస్తుంది. ఆపరేటరు గదిలో బ్యాటరీ లేకపోతే మాత్రం మీది ఉండీ దండగే.

కంపెనీ పేరు కన్నా వీధి తీగనూ లైన్‌మన్‌నూ చూడాలన్న ఈ మాటకు ఎదురువాదం ఉంది. పెద్ద కంపెనీ అయితే యాప్‌లో ఫిర్యాదు చేయొచ్చు, రసీదు ఉంటుంది, ఓటీటీలు కలిసొస్తాయి, వీధి కేబుల్ ఆయన దయాదాక్షిణ్యాల మీద ఆధారపడనక్కర్లేదు అంటారు. తీగ గొడవే వద్దు, మిద్దె మీద 5జీ పెట్టె పెట్టించుకుంటే చాలు అనేవాళ్లూ ఉన్నారు. ఫైబర్ రాని వీధిలో ఆ పెట్టె అక్కరకొస్తుంది. కానీ ఆ టవరును వేల ఫోన్లతో పంచుకోవాలి. యాప్ విషయానికొస్తే, అది ఫిర్యాదు నంబరు ఇస్తుంది, స్తంభం ఎక్కదు. ఎక్కేది కాంట్రాక్టు మనిషి. అతని చేతి కింద రెండు కాలనీలు ఉన్నాయా, పది మండలాలు ఉన్నాయా అన్నదే మీ నెట్ ఎప్పుడొస్తుందో చెబుతుంది.

డబ్బు లెక్క చిన్నది. 699 అని రాసింది 18 శాతం జీఎస్టీతో 824.82 అవుతుంది. అన్‌లిమిటెడ్ అంటే చాలా ప్లాన్లలో నెలకు 3,300 జీబీ, మామూలు ఇంటికి అది ధారాళం. "100 ఎంబీపీఎస్ వరకు" అనే ప్రకటనల్లోని "వరకు"కు ప్రభుత్వం పెట్టిన అడుగు హద్దు చాలా కింద ఉంది: 2023 జనవరి నుంచి బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనం 2 ఎంబీపీఎస్ మాత్రమే. ఏడాది డబ్బు ముందే కడితే నెల ఉచితమంటారు, ఒక వానాకాలం గడిచేదాకా కట్టకండి. నెల నెలా కట్టేవాడి ఫోనుకే లైన్‌మన్ త్వరగా పలుకుతాడు. ఓఎన్‌టీ డిపాజిట్‌కు రసీదు తీసుకోండి. సీసీ కెమెరాలను బయటి నుంచి చూడాలనుకుంటే రౌటరులో వాన్ ఐపీ (కంపెనీ మీ లైనుకు ఇచ్చిన చిరునామా) చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అది వందలమంది పంచుకునే చిరునామా, రౌటరులో కెమెరాకు దారి (పోర్టు) తెరిచినా లాభం లేదు. స్టాటిక్ ఐపీ (మీ ఒక్కరికే ఉండే, మారని చిరునామా) ఇస్తారా, ఎంతకు ఇస్తారు అన్నది ముందే తేల్చుకోండి.

ఇంత జాగ్రత్త ఒక్కో ఇల్లూ విడివిడిగా పడాల్సి రావడమే అసలు అన్యాయం. మొబైల్ నంబరు మార్చకుండా కంపెనీ మారే హక్కు 2011 జనవరిలో దేశమంతటికీ వచ్చింది. ఇంటి నెట్‌కు అలాంటిది లేదు. కంపెనీ మారితే కొత్త తీగ, కొత్త బెజ్జం, స్తంభానికి ఇంకో చుట్ట. పాత తీగను ఎవరూ విప్పరు. బైరాగిపట్టెడలో, గాంధీ రోడ్డు సందుల్లో తల పైకెత్తితే చచ్చిన తీగలూ బతికిన తీగలూ కలిసి వేలాడుతుంటాయి. ఏది ఎవరిదో తెలియక రిపేరుకు ఎక్కినవాడు పక్కవాడిది కోస్తాడు. కరెంటు సిబ్బంది లైను సరిచేస్తే నాలుగు కంపెనీల నెట్ ఒకేసారి పోతుంది. ఆ స్తంభాల యజమాని విద్యుత్ పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్. దాని ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. 2016 సెప్టెంబరులో స్మార్ట్ సిటీ జాబితాలో చేరిన నగరపాలక సంస్థా ఇక్కడే ఉంది. ఈ ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే పరిష్కారం దొరుకుతుంది.

నీటి పైపులా, డ్రైనేజీలా, నెట్ తీగ నడిచే గొట్టం కూడా ఊరి ఆస్తి కావాలి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ఉమ్మడి డక్టుల (తీగలు నడిచే గొట్టాల) గురించి, వాటిని అన్ని కంపెనీలకూ తెరిచి ఉంచడం గురించి మాట్లాడింది. తీగలు వేసే దారి హక్కుల మీద కొత్త నియమాలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. తవ్వే ముందు ఆ నేలలో ఎవరి తీగలున్నాయో తెలుసుకునే 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ 2023 మార్చి నుంచే ఉంది. కొరవడింది ఊరి స్థాయిలో పట్టుదల. రోడ్డు ఒక్కసారి తవ్వినప్పుడే రెండు ఖాళీ పైపులు పరిచి, వీధి మలుపుకో గుంత కట్టి, ప్రతి గేటు దాకా అంగుళం పైపు వదిలితే, ఏ కంపెనీ అయినా మీటరుకు ఇంతని అద్దె కట్టి తీగ తోసుకుంటుంది. పెద్ద కంపెనీకీ వీధి కేబుల్ ఆయనకూ అదే అద్దె, అదే దారి. కోతులకూ గాలివానకూ తీగ దొరకదు. కంపెనీ మారడమంటే గుంతలో ఒక కనెక్టరు మార్చడమే అవుతుంది.

మీ వీధికి సిమెంటు రోడ్డు మంజూరైందని తెలిసిన రోజే కాలనీ సంఘం తరఫున వార్డు సచివాలయంలో అర్జీ ఇవ్వండి. అంచనా కాగితంలో ఆ రెండు పైపుల పద్దు ఉందో లేదో అడగండి. లేకపోతే కంకర పరిచే లోపే రాయించుకోవాలి.