నవంబరు ఒకటి విశాఖది కూడా

ఆంధ్రప్రదేశ్ అవతరణ దినోత్సవాన్ని ఏ తేదీన జరుపుకోవాలన్న వాదన 2014 నుంచి తెగడం లేదు. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953 అక్టోబరు 1 అసలైన పుట్టినరోజని కొందరంటారు. తెలంగాణ వేరుపడ్డాక 1956 నాటి నవంబరు 1కి విలువేముందని మరికొందరు అడుగుతారు. విభజన తరువాత కొన్నేళ్లు ప్రభుత్వం ఈ వేడుకను పక్కన పెట్టింది, 2019లో మళ్లీ మొదలుపెట్టింది. ఈ వాదనలో విశాఖపట్నానికి తనదైన సమాధానం ఉంది. 1966లో, రాష్ట్రానికి సరిగ్గా పదేళ్లు నిండిన నవంబరు 1న, ఉక్కు కర్మాగారం అడుగుతూ వీధుల్లోకి వచ్చిన జనం మీద ఈ నగరంలో పోలీసు తుపాకులు పేలాయి. మిగతా రాష్ట్రం ఎలా నిర్ణయించుకున్నా, ఆ తేదీని విశాఖ వదులుకోలేదు.

ఆ పోరాటం ఎలా నడిచిందో ఈ తరానికి పూర్తిగా తెలియదు. ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం గోడల మీద మిగిలింది గానీ దాని వెనుక ఉన్న మనుషులు మరుగున పడుతున్నారు. ఉక్కు కర్మాగారానికి విశాఖ అనువైన చోటని నిపుణుల బృందం చెప్పినా ఢిల్లీ ఊగిసలాడింది. గుంటూరు ప్రాంతం నుంచి వచ్చిన టి. అమృతరావు ఇక్కడ నిరాహార దీక్షకు కూర్చున్నారు. అఖిలపక్ష కార్యాచరణకు తెన్నేటి విశ్వనాథం ముందు నిలిచారు. విద్యార్థులు తరగతులు వదిలి వచ్చారు. ప్రతిపక్షాల శాసనసభ్యులు పదవులు వదులుకున్నారు. విశాఖతో పాటు విజయవాడ, గుంటూరు, కాకినాడ, తగరపువలస, అటు తెలంగాణ పట్టణాల్లోనూ కాల్పులు జరిగి మొత్తం 32 మంది చనిపోయారు. విశాఖలో రావలసిన కర్మాగారం కోసం, దాని చిమ్నీ పొగ కూడా కనిపించనంత దూరంలో ఉన్నవారు ప్రాణాలిచ్చారు. ఒక రాష్ట్రం ఒక్కటిగా బతకడమంటే ఇంతకన్నా గొప్ప నిదర్శనం మాకు కనిపించదు. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు, 1971 జనవరి 20న పునాదిరాయి పడింది. జాతికి అంకితమయ్యే నాటికి 1992 వచ్చింది.

పొట్టి శ్రీరాములు మద్రాసులో 58 రోజులు నిరాహారంగా ఉండి 1952 డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. ఆయన త్యాగాన్ని ఏటా తలచుకుంటున్నాం, తలచుకోవలసిందే. అయితే రాష్ట్రం చేతికొచ్చాక దానికొక జీవనాధారం కోసం చనిపోయినవారు కూడా ఆ వరుసలో వారే. వారి పేర్లు ఈ వేడుకలో ఎందుకు వినిపించవు?

విశాఖ గర్వానికి కారణాలు రాష్ట్రం కన్నా పాతవి. ‘ఆంధ్ర’ అన్న పేరుతో రాష్ట్రం లేని రోజుల్లోనే ఆ పేరుతో విశ్వవిద్యాలయం వెలిసింది. 1926లో బెజవాడలో మొదలై తరువాత వాల్తేరు కొండ మీదికి వచ్చి స్థిరపడింది. కట్టమంచి రామలింగారెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణన్ దాని తొలి ఉపకులపతులు. 1933లో ఓడరేవు తెరుచుకుంది. 1948 మార్చిలో ఇక్కడ తయారైన ‘జల ఉష’ ఓడను నెహ్రూ సముద్రంలోకి పంపారు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు జయపురం సంస్థానంలో చాలా భాగం విశాఖ జిల్లా నుంచి వెళ్లిపోయింది. సరిహద్దులు మారడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఆనాడు అటు వెళ్లిన ఊళ్లతో వియ్యాలు, సంతలు నేటికీ సాగుతున్నాయి. జూన్ 2న తెలంగాణ చేసుకునే పండుగకు కూడా మనం ఇదే మనసుతో శుభాకాంక్షలు చెప్పగలగాలి.

ఉత్సవం నాడు చెప్పక తప్పని మాటలు మరికొన్ని ఉన్నాయి. కర్మాగారం కోసం అరవైకి పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయి. ఇంటికో ఉద్యోగం వస్తుందన్న ఆశతో ఆర్ కార్డులు (పునరావాస కార్డులు) దాచుకున్న నిర్వాసిత కుటుంబాల్లో రెండో తరం, మూడో తరం కూడా ఇంకా ఎదురుచూస్తోంది. గాజువాక, అగనంపూడి చుట్టుపక్కల ఆ కార్డును పెట్టెలో భద్రపరచుకున్న ఇల్లు వెతకనక్కరలేదు. సొంత గనులు లేని కర్మాగారం ఖనిజాన్ని బయటి ధరకు కొంటూ నష్టాల్లో పడితే, 2021 జనవరిలో కేంద్రం దాన్ని పూర్తిగా అమ్మేయాలని సంకల్పించింది. కూర్మన్నపాలెం కూడలిలో కార్మికులు రిలే దీక్షలకు కూర్చున్నారు. 2025 జనవరిలో రూ. 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. ఊరట కలిగించిన నిర్ణయమే, మేం స్వాగతించాం. కానీ గనులు కేటాయించకుండా డబ్బు ఒక్కటే ఇస్తే ఎన్నాళ్లు సరిపోతుంది? అమ్మకపు నిర్ణయం రద్దయిందని రాతపూర్వకంగా చెప్పనంత కాలం కార్మికుడి భయం పోదు.

1937లో మద్రాసులోని ‘శ్రీబాగ్’ భవనంలో కోస్తా, రాయలసీమ పెద్దలు కూర్చుని పరస్పరం మాట ఇచ్చిపుచ్చుకున్నారు. వెనుకబడతామన్న సీమ భయాన్ని కాగితం మీద గుర్తించారు. ఉత్తరాంధ్రకు అలాంటి కాగితం ఏదీ లేదు. కోస్తా అనే పెద్ద లెక్కలో కలిసిపోయి, దాని కష్టం విడిగా కనిపించకుండా పోయింది. ఊరి ముందే సముద్రం ఉన్నా శ్రీకాకుళం, విజయనగరం తీరాల జాలర్లు గుజరాత్‌లోని వెరావల్ వరకు వలస పోతున్నారు. అక్కడి పడవల్లో వేటకు వెళ్లి పాకిస్థాన్‌కు చిక్కి, ఏడాదికి పైగా జైల్లో మగ్గిన 20 మంది 2020 జనవరిలో విడుదలయ్యారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇంటింటా మూత్రపిండాల జబ్బు. మన్యంలో డోలీ మీద ఆసుపత్రికి బయలుదేరే గర్భిణులు. బీచ్ రోడ్డు దీపాలు చూసి ఉత్తరాంధ్ర వెలిగిపోతోందనుకుంటే ఈ మనుషులకు అన్యాయం చేసినట్టే. ప్రాంతాభిమానమంటే పక్క ప్రాంతాన్ని తిట్టిపోయడమని కొందరు నాయకులు భావిస్తున్నారు. ఇక్కడి ఉక్కు కోసం గుంటూరు, కాకినాడ వాసులు చనిపోయారని తెలిసిన ఊరికి ఆ మాటలు రుచించవు.

అందుకే ఈ నవంబరు 1న మేం కోరేవి తేలికగా అమలు చేయదగినవే. 1966 కాల్పుల్లో చనిపోయిన 32 మంది పేర్లు, ఊళ్లతో సహా రాష్ట్ర ప్రభుత్వం అధికారికంగా ప్రచురించి, జిల్లా కేంద్రాల్లో జెండా ఎగరేసే వేదికల మీద చదివించాలి. పాఠశాలల్లో ఆనాటి ఉద్యమాన్ని పిల్లలకు చెప్పించాలి. విశాఖ వేదిక ముందు వరుసలో నిర్వాసిత కుటుంబాలను కూర్చోబెట్టాలి. పెండింగులో ఉన్న ఆర్ కార్డుల దరఖాస్తులు ఏ తేదీలోగా తేలుస్తారో కలెక్టరు అదే వేదిక మీద ప్రకటించాలి. కర్మాగారానికి సొంత గనులు కావాలంటూ శాసనసభ చేసే తీర్మానాన్ని అన్ని పార్టీల ఎంపీలు కలిసి ఢిల్లీకి పట్టుకెళ్లాలి.