ఓనర్ మౌనంగా ఉంటే కుక్కకు ఒప్పుకున్నట్టే

సిడ్నీలో వెస్ట్‌మీడ్, పరమట్టా వైపు అద్దెకుండే మనవాళ్ళ ఇంట్లో పిల్లి ఉందంటే, ఓనర్ తరఫు ఏజెంట్ ఇల్లు చూసే ఇన్‌స్పెక్షన్‌కు వచ్చే రోజు దానికి అజ్ఞాతవాసమే. లిట్టర్ ట్రే కారు డిక్కీలోకి, గిన్నెలు వార్డ్‌రోబ్‌లోకి, పిల్లి ఫ్రెండ్స్ ఇంటికి, సోఫాకు అంటుకున్న వెంట్రుకల కోసం పొద్దున్నుంచి వేట. ఇంతా చేస్తే ఏజెంట్ కాసేపు ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతాడు.

ఈ దాగుడుమూతలు ఇంకా ఎందుకో నాకు అర్థం కాదు. 2025 మే 19 నుంచి, సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో అద్దె ఇళ్ళలో పెంపుడు జంతువుల రూల్ మారింది. ఫారం నింపి ఓనర్‌కు ఇస్తే 21 రోజుల్లో జవాబు చెప్పాలి, చెప్పకపోతే ఎలాంటి షరతులూ లేకుండా ఒప్పుకున్నట్టే లెక్క. మన దగ్గర మౌనం అర్ధాంగీకారం అంటారు, అక్కడ పూర్తి అంగీకారమే. కాదనాలన్నా 'నాకు కుక్కలంటే పడదు' అంటే చెల్లదు. జంతువులు నాలుగు దాటడం, ఫెన్సింగ్ లేకపోవడం, చోటు చాలకపోవడం, బాండ్‌ను (ముందే కట్టే డిపాజిట్‌ను) మించి నష్టం జరిగే అవకాశం గట్టిగా ఉండటం, ఓనర్ కూడా అదే ఇంట్లో ఉండటం, ఇలా చట్టంలో ఉన్న కారణాల్లో ఒకటి చూపించాలి. ఓనర్ ఒప్పుకోకపోతే అద్దెకున్నవాళ్ళు ట్రిబ్యునల్‌కు వెళ్ళొచ్చు.

ఇక్కడే మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది. ఓనర్ కూడా తెలుగాయనే అయితే 'అన్నా, చిన్న కుక్కపిల్లే' అని ఫోన్‌లో అడిగేసి, ఆయన 'సరేలే' అనగానే తెచ్చేసుకుంటారు. రేపు గొడవైతే ఆ 'సరేలే'కు సాక్ష్యం ఎక్కడిది? అదే కాగితం మీద ఉంటే ఏజెంటు మారినా, ఇల్లు చేతులు మారినా ఆ ఇంట్లో ఆ కుక్క బతికున్నంత కాలం అనుమతి చెల్లుతుంది.

ఓనర్ల భయాన్ని కొట్టిపారేయలేం. బాండ్ నాలుగు వారాల అద్దె దాటకూడదు, అంటే వారానికి 600 డాలర్ల ఇంటికి 2400, కుక్క ఉందని అదనంగా అడగడానికి లేదు, ఆ పేరుతో అద్దె పెంచడానికీ లేదు. కార్పెట్ మొత్తం పాడైతే ఆ డబ్బు ఏమూలకు? కానీ ఖాళీ చేసేటప్పుడు కార్పెట్ ప్రొఫెషనల్స్‌తో శుభ్రం చేయించాలని షరతు పెట్టొచ్చు. ఆ షరతు పెట్టాలన్నా 21 రోజుల్లోపు నోరు విప్పాలి కదా.

ఫ్లాట్ అయితే స్ట్రాటా, అంటే ఆ బిల్డింగ్ ఫ్లాట్ల ఓనర్ల ఉమ్మడి సంఘం సంగతీ చూసుకోవాలి. డార్లింగ్‌హర్స్ట్‌లోని హొరైజన్ టవర్‌లో ఒక ష్నాజర్ కుక్క కోసం నడిచిన కేసులో, జంతువులే వద్దనే సంఘం నియమం (బైలా) చెల్లదని 2020లో అప్పీల్ కోర్టు చెప్పింది, మరుసటేడు చట్టమే మార్చారు.

నా దృష్టిలో అసలు బలం ఫారంలో లేదు. కారణం చెప్పకుండా ఖాళీ చేయించే పద్ధతిని కూడా అదే మే 19న ఎత్తేశారు. ఈ మార్పు లేకపోతే ఓనర్ ఇవాళ సరే అని రెండు నెలల్లో నోటీసు ఇచ్చేవాడు. హైదరాబాద్‌లో జరిగేది అదే. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చినా, పదకొండు నెలల అగ్రిమెంట్ అయిపోగానే ఓనర్ 'మా అబ్బాయి వస్తున్నాడు' అంటే ఏం చేస్తాం, సామాను సర్దుకోవడమే.

సిడ్నీలోనూ ఒక కంత మిగిలింది. ఒకే ఇంటికి బోలెడు అప్లికేషన్లు వచ్చినప్పుడు కుక్క ఉన్నవాళ్ళని ఏజెంట్ నిశ్శబ్దంగా పక్కన పెడితే నిరూపించడం చాలా కష్టం. అందుకే చాలామంది ముందు లీజు చేతికొచ్చాక ఫారం ఇస్తున్నారు, నన్నడిగితే అందులో తప్పేం లేదు. కాకపోతే ఏడాదికోసారి అద్దె పెంచే హక్కు ఓనర్‌కు ఎలాగూ ఉంది, ఆ నోటీసులో కుక్క పేరు రాయాల్సిన అవసరం ఆయనకు లేదు.