సర్దుకోవాల్సింది విద్యార్థి ఒక్కరేనా?

డిగ్రీ రెండో ఏడాదిలో నా పక్క గదిలో ఉన్న స్నేహితురాలికి చూపు చాలా తక్కువ. ల్యాప్‌టాప్‌లో తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ పెట్టుకుని వింటూ చదువుకునేది. ఒకరోజు రాత్రి, లెక్చరర్ పంపిన 40 పేజీల పీడీఎఫ్ తెరిచింది. పుస్తకాన్ని ఫోన్‌తో ఫొటోలు తీసి ఒకదానికొకటి అతికించిన ఫైల్ అది. పేజీలన్నీ కాస్త వంకరగా ఉన్నాయి, రెండు మూడు చోట్ల అంచుల్లో ఎవరిదో బొటనవేలు కూడా పడింది. కళ్లతో చదివేవాళ్లకి అది మామూలు పాఠమే. స్క్రీన్ రీడర్‌కి మాత్రం అందులో ఒక్క అక్షరం లేదు, పేజీ మారినప్పుడల్లా "ఇమేజ్" అంటుంది, అంతే. చివరిదాకా ఆ ఒక్క మాటే విని, ల్యాప్‌టాప్ మూసి, నా తలుపు కొట్టింది. "ఓ గంట చదివి పెడతావా?" అంది. చదివాను. ఆ సెమిస్టర్ అంతా మాలో ఎవరో ఒకరం చదువుతూనే ఉన్నాం. సార్‌ని వేరే ఫైల్ అడగొచ్చు కదే అంటే, "ఇప్పటికే అందర్నీ ఇబ్బంది పెడుతున్నాను, ఇక ఆయన్ని కూడానా" అనేది.

ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుకొస్తూనే ఉంటుంది, ఎందుకంటే వైకల్యం ఉన్న విద్యార్థులు చాలామంది అక్కడే ఆగిపోతారు. అడిగితే కాదంటారేమోనన్న భయం కొంత ఉంటుంది. దానికంటే ఎక్కువగా, అడగడమే తప్పన్న భావన చిన్నప్పటి నుంచీ ఒంటబట్టి ఉంటుంది. మనం ‘సర్దుకుపో’ అని ఎంత తేలిగ్గా అనేస్తామో చూడండి. యూనివర్సిటీ అకామడేషన్ ఇవ్వాలి అంటే హాస్టల్ గది గురించేమో అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఇక్కడ ఆ మాటకి అర్థం సర్దుబాటు, అదీ సంస్థ తన వైపు నుంచి చేయాల్సిన సర్దుబాటు. పాఠం చెప్పే తీరులో, పరీక్ష పెట్టే తీరులో, గది ఉన్న అంతస్తులో, ఫైల్ పంపే పద్ధతిలో చేసే మార్పు. విద్యార్థి సర్దుకుపోవడం వేరు, సంస్థ సర్దుబాటు చేయడం వేరు. ఈ తేడా ఒకసారి మనసుకి పడితే, అడిగే మాట తీరే మారిపోతుంది.

ఇది నా సొంత వాదన కాదు, చట్టాల్లో ఉన్నదే. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒప్పందం, సహేతుకమైన సర్దుబాటు నిరాకరించడాన్ని వివక్షగానే లెక్కించింది. మన దేశంలో 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం కూడా అదే మాట చెబుతుంది. పాఠ్యప్రణాళికలో, పరీక్షల విధానంలో తగిన మార్పులు చేయాలని చెబుతూ, పరీక్షలో అదనపు సమయాన్ని, స్క్రైబ్ (విద్యార్థి చెప్పే జవాబులు రాసిపెట్టే మనిషి) సౌకర్యాన్ని పేరు పెట్టి ప్రస్తావిస్తుంది. అంటే కాలేజీ ఆఫీసు గుమ్మం ముందు కాగితం పట్టుకుని నిలబడ్డ విద్యార్థి దయ అడగడం లేదు, సంస్థ తన వంతు పని చేయాలని అడుగుతున్నారు.

ఈ మార్గం తెరుచుకోవడానికి కొందరు పడ్డ కష్టం తెలిస్తే అడిగేవాళ్లకి కొంచెం ధైర్యం వస్తుంది. 1962లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఎడ్ రాబర్ట్స్ అనే యువకుడు చేరాడు. పోలియో వల్ల మెడ కింద శరీరం దాదాపు కదలదు, రాత్రిళ్లు ఊపిరి కోసం ‘ఐరన్ లంగ్’ అనే పెద్ద ఇనుప గొట్టం లాంటి యంత్రంలో పడుకోవాలి. దాని బరువు 350 కిలోలకు పైనే. హాస్టల్ గదుల నేల ఆ బరువు మోయలేదు. అప్పుడు "నీకు ఇక్కడ కుదరదు" అనడం చాలా తేలిక. కానీ క్యాంపస్ ఆసుపత్రిలో ఒక గదినే ఆయనకి హాస్టల్‌గా మార్చారు. తర్వాత ఇంకొందరు విద్యార్థులు అక్కడికి వచ్చి చేరారు, వాళ్లంతా కలిసి అడగడం మొదలుపెట్టారు. నువ్వు పని చేయలేవు పొమ్మని ఒకప్పుడు ఆయన్ని తిరస్కరించిన, వైకల్యం ఉన్నవాళ్లకి ఉపాధి విషయంలో సాయపడే రాష్ట్ర పునరావాస శాఖకే ఆ తర్వాత ఆయన డైరెక్టర్ అయ్యాడు. సమస్యని ఆయన ఒంట్లో చూస్తే దారి లేదు, నేల మోయలేని బరువుగా చూస్తే వేరే గది చూడొచ్చు.

అడగడం దగ్గర కూడా ఇదే లెక్క. చాలామంది తమ జబ్బు గురించి రెండు పేజీలు రాస్తారు, కావలసినదేంటో ఒక్క వాక్యంలో వదిలేస్తారు, లేదా "దయచేసి సహాయం చేయగలరు" అని ముగిస్తారు. చదివే అధికారికి జాలి కలగొచ్చు, కానీ ఏం చేయాలో మాత్రం తెలీదు. డాక్టర్ ఇచ్చే కాగితాలూ చాలాసార్లు ఇలాగే ఉంటాయి, జబ్బు పేరూ సంతకమూ తప్ప ఏమీ ఉండదు. డాక్టర్‌ని అడిగి రాయించుకోవాల్సింది జబ్బు పేరు కంటే ముఖ్యంగా, అది మీ చదువులో ఏ పనికి ఎలా అడ్డం వస్తోందన్నది. ఉదాహరణకి ఒక లేఖ ఇలా ఉందనుకోండి:

"నమస్కారం సార్. నాకు కీళ్లవాతం ఉంది. 20 నిమిషాలు ఆగకుండా రాస్తే కుడిచేతి వేళ్లు బిగుసుకుపోతాయి, 10 నిమిషాలు విశ్రాంతి ఇస్తే తప్ప మళ్లీ కలం పట్టుకోలేను. వచ్చే నెల 18న మొదలయ్యే పరీక్షల్లో జవాబులు కంప్యూటర్‌లో టైప్ చేయడానికి, విరామాలకు పోయిన సమయాన్ని చివర్లో కలపడానికి అనుమతి కోరుతున్నాను. డాక్టర్ లేఖ జతచేశాను. ఈ నెల 25లోగా జవాబు ఇస్తే గది, కంప్యూటర్ ఏర్పాట్లకు మనకి సమయం ఉంటుంది."

ఇందులో జాలి కోసం ఒక్క మాట లేదు. అడ్డంకి ఏంటో ఉంది, దానికి సరిపడే మార్పు ఉంది, తేదీ ఉంది. కాదనాలంటే అవతలివాళ్లు కారణం చెప్పాల్సి వస్తుంది. మీకు నా సలహా ఏంటంటే, కారిడార్‌లో నోటిమాటగా ఎంత మంచి హామీ వచ్చినా సరే, సాయంత్రానికి "ఈరోజు మీరు ఇలా అన్నారు, ధన్యవాదాలు" అని ఒక ఈమెయిల్ పంపేయండి. మంచి మనసుతో ఒప్పుకున్న లెక్చరర్ కూడా సెమిస్టర్ మధ్యలో బదిలీ కావచ్చు, పరీక్ష హాల్లో ఉండే ఇన్విజిలేటర్‌కి ఆ మాట సంగతే తెలియకపోవచ్చు.

ఇంకో విషయం ముందే తెలుసుకుని ఉండాలి. బడిలో ఉన్నప్పుడు టీచర్లో తల్లిదండ్రులో గమనించి ఏదో ఒకటి చూస్తారు. అమెరికాలోనైతే వైకల్యం ఉన్న పిల్లల్ని గుర్తించే బాధ్యత చట్టం ప్రకారం బడిదే. యూనివర్సిటీకి వచ్చేసరికి అది తిరగబడుతుంది: తనకు వైకల్యం ఉందని చెప్పుకోవాల్సిందీ, కాగితం తేవాల్సిందీ, అడగాల్సిందీ విద్యార్థే. ఇంటికి మొదటిసారి దూరమై, కొత్త మనుషుల మధ్య నలుగురిలో ఒకరిలా కనబడాలని తాపత్రయపడే 18 ఏళ్ల వయసులో ఈ పని నెత్తిన పడుతుంది. కొందరు మొదటి సెమిస్టర్ ఎలాగోలా నెట్టుకొచ్చి, పరీక్ష తప్పాక అడగడానికి వెళ్తారు. అప్పటికే రాసేసిన పరీక్షకి వెనక్కి వెళ్లి సర్దుబాటు చేయడం మామూలుగా ఉండదు. అందుకే అవసరం వస్తుందో రాదో తెలియకపోయినా చేరిన వారంలోనే వైకల్య సేవల విభాగంలో పేరు నమోదు చేయించుకోవడం మంచిది. అనుమతి చేతిలో ఉండి వాడకపోతే పోయేదేం లేదు.

బయటికి కనబడని వైకల్యాలకి ఈ బాధ రెండింతలు. మైగ్రేన్, మూర్ఛ, డిప్రెషన్, పేగుల జబ్బు, డిస్లెక్సియా, ఇవేవీ మొహం మీద రాసి ఉండవు. సోమవారం క్లాసులో నవ్వుతూ కూర్చున్న అమ్మాయి బుధవారం మంచం దిగలేకపోతుంది. "మొన్న బాగానే ఉన్నావుగా" అన్న ఒక్క మాటతో అడగాలన్న ధైర్యమంతా చచ్చిపోతుంది. ఇలాంటి వాళ్లు తమ లేఖలో మంచి రోజుల్ని దాచాల్సిన పని లేదు. ఏ రోజు ఎలా ఉంటుందో ముందే చెప్పలేనని, అందుకే గడువు ఒకటి రెండు రోజులు అటూ ఇటూ జరిపే వీలు కావాలని రాస్తే చాలు. జబ్బు పేరు ప్రతి లెక్చరర్‌కీ చెప్పాలన్న రూలేమీ లేదు కూడా. మంచి పద్ధతి ఉన్న చోట వైకల్య సేవల విభాగం దగ్గరే వైద్య కాగితాలు ఉంటాయి, లెక్చరర్‌కి వెళ్లే లేఖలో ఏ మార్పు చేయాలన్నది మాత్రమే ఉంటుంది.

ఇక అసలు గొడవంతా ‘ప్రమాణాలు’ అన్న మాట దగ్గర వస్తుంది. ఒకరికి మినహాయిస్తే చదువు ప్రమాణం పడిపోతుంది కదా అంటారు. ఇది తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు, ఎందుకంటే సర్జన్ కావాలనుకునే వ్యక్తికి సర్జరీ రావాల్సిందే. కానీ ఏది ప్రమాణం, ఏది కేవలం అలవాటు అన్నది విడదీసి చూడాలి. బ్రిటన్‌లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతున్న నటాషా అబ్రహార్ట్‌కి నలుగురి ముందు మాట్లాడాలంటే తీవ్రమైన భయం, అది వైద్యపరమైన సమస్యే. ల్యాబ్ ప్రయోగాల మీద ఆమెకి మౌఖిక పరీక్షలు పెట్టారు, మార్కులు పోతూ వచ్చాయి. 2018 ఏప్రిల్ 30న పెద్ద హాల్లో ప్రెజెంటేషన్ ఇవ్వాల్సిన రోజునే ఆమె ప్రాణం తీసుకుంది. ఆమె వయసు 20. తల్లిదండ్రులు కోర్టుకు వెళ్లారు. విశ్వవిద్యాలయం వివక్ష చూపిందని 2022లో కింది కోర్టు తేల్చింది, 2024లో హైకోర్టు ఆ తీర్పునే సమర్థించింది. అక్కడ తేలిన ముఖ్యమైన సంగతి ఇది: ప్రయోగం అర్థమైందా లేదా అన్నది ప్రమాణం, దాన్ని నోటితోనే చెప్పించుకోవడం ఒక పద్ధతి. పద్ధతిని మార్చొచ్చు. ఆ ప్రశ్నల్నే రాతపూర్వకంగా ఇచ్చి ఉంటే ఫిజిక్స్ ప్రమాణానికి ఏ లోటూ వచ్చేది కాదు. ఈ కేసు గురించి చదివిన ప్రతిసారీ నాకు బాధతోపాటు కోపం కూడా వస్తుంది, ఎందుకంటే ఆమె ఇబ్బంది పడుతోందని డిపార్ట్‌మెంట్‌లో కొందరికి తెలుసు. విద్యార్థి పద్ధతి ప్రకారం అడగలేదన్నది అన్ని వేళలా సాకు కాదు. అడగలేకపోవడమే కొందరి వైకల్యంలో భాగం.

అదనపు సమయం మీద కూడా తోటి విద్యార్థుల్లో గుసగుసలుంటాయి. మన దేశంలో ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం గంటకి కనీసం 20 నిమిషాలు, అంటే 3 గంటల పేపర్‌కి ఇంకో గంట. "నాకూ గంట ఇస్తే నేనూ రాస్తా" అనేవాళ్లు ఒకసారి కళ్లు మూసుకుని ఎనిమిది కాలమ్‌ల పట్టికని స్క్రీన్ రీడర్‌తో వినాలి. కళ్లున్నవాళ్లు ఐదో కాలమ్ మీదికి నేరుగా చూపు తిప్పుతారు. వినేవాళ్లు ఒక్కో గడి దాటుకుంటూ పోవాలి, దారిలో విన్న అంకెలన్నీ తలలో పెట్టుకోవాలి. ఆ గంట అలా యంత్రం దగ్గరే ఖర్చయిపోతుంది, జవాబు ఆలోచించడానికి మిగిలేది అందరికీ ఉన్నంతే. స్క్రైబ్‌తో రాసినా అంతే. "ఇంటిగ్రల్, కింద జీరో, పైన పై, సైన్ స్క్వేర్ ఎక్స్" అని చెబితే, లెక్కలు తెలియని స్క్రైబ్ సైన్ అన్న మాట విని సంతకం అనుకుని ఆగిపోతే, ఆ గుర్తు ఎలా ఉంటుందో గాలిలో వేలితో గీసి చూపించాల్సి వస్తుంది. అందుకే స్క్రైబ్ కావాలని అడిగేటప్పుడే, పరీక్షకి కనీసం ఒకరోజు ముందు ఆ వ్యక్తితో కూర్చుని చూసుకునే అవకాశం కూడా అడగండి.

సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం లేదు కాబట్టి మీకేమీ రాదని ఎవరైనా అంటే అక్కడితో వెనక్కి రావద్దు. రాసేటప్పుడు చేయి కొంకర్లు పోయే సమస్య ఉన్న వికాస్ కుమార్ అనే అభ్యర్థికి సివిల్స్ పరీక్షలో ఇదే కారణంతో స్క్రైబ్ ఇవ్వలేదు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదన చెల్లదని తేల్చింది: 40 శాతం గీత రిజర్వేషన్ లాంటి వాటికి, సర్దుబాటు హక్కు ఆ గీతకి ఇవతల ఉన్నవాళ్లకీ ఉంటుంది. మరుసటి ఏడాది, 40 శాతం లోపు ఉన్నవాళ్లకి స్క్రైబ్ గురించి కేంద్రం విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇంత చెప్పాక కూడా, విద్యార్థులకు మంచి లేఖలు రాయడం నేర్పితే సరిపోతుందని నేను అనుకోవడం లేదు. ప్రతి సెమిస్టర్‌లో, ప్రతి సబ్జెక్టుకీ, ప్రతి కొత్త మనిషికీ మొదటి నుంచి చెప్పుకోవడం అలసట. ఆ అలసట మార్కుల జాబితాలో ఎక్కడా కనబడదు. బ్రిటన్ చట్టం ఇక్కడ ఒక అడుగు ముందుంది, వైకల్యం ఉన్న విద్యార్థులు వస్తారని ముందే ఊహించి ఏర్పాట్లు చేసుకోవాలంటుంది, వచ్చి అడిగేదాకా ఆగమనదు. ఇది ఖర్చుతో కూడిన పని అనుకుంటారు కానీ, చాలా మార్పులకి కావలసింది కాస్త ముందుచూపే. ఫైల్ అక్షరాలతో పంపడం, వీడియోకి కింద మాటలు పెట్టడం, లిఫ్ట్ పాడైనప్పుడు ఆ క్లాసుని కింది అంతస్తుకి మార్చడం.

మా పక్క గది స్నేహితురాలు మూడో సెమిస్టర్ చివర్లో వేరే ఫైల్ కావాలని అలాంటి లేఖే ఒకటి రాసింది. రాత్రి పదకొండున్నరకి నాకు చూపించి, "మరీ గట్టిగా అడిగినట్టుందా?" అని రెండుసార్లు అడిగి, పొద్దున పంపింది. ఆ లెక్చరర్ మధ్యాహ్నానికల్లా పాఠాలన్నీ వర్డ్ ఫైళ్లుగా పంపాడు. ఆయన దగ్గర అవి మొదటి నుంచీ ఉన్నాయి, ఎవరూ అడగలేదట. ఆయనా ఎప్పుడూ అడగలేదు.