పోటు నీటితో మొలగొలుకులు పండవు

అమెరికాలో కరోలినా గోల్డ్, కేరళలో పొక్కాళి అనే వరి రకాలు సముద్రపు పోటుతోనే పండుతున్నాయని, నెల్లూరు తీరంలోని ఇందుకూరుపేట, విడవలూరు ప్రాంతాల రైతులు కూడా ఉప్పు కాలువకు గండి కొట్టి నీరు పెడితే నెల్లూరు వరి రకమైన మొలగొలుకులు ఖర్చు లేకుండా చేతికొస్తాయని, ఉప్పు మిగిలినా ఒక్క వానకే కొట్టుకుపోతుందని ఒక సందేశం ఫోన్లలో తిరుగుతోంది. నమ్మి ఆచరిస్తే పొలాలు పాడవుతాయి కనుక జవాబివ్వక తప్పదు.

కరోలినా పొలాలకు పారింది నది మంచినీరే. పోటు వేళ కింది నుంచి ఎగదన్నే బరువైన ఉప్పునీరు, దానిపై తేలే మంచినీటిని ఎత్తి వెనక్కి నెట్టేది. కట్ట అడుగున అమర్చిన కర్రతూముకు రెండు కొసలా తలుపులుండేవి. బయటి తలుపు ఎత్తితే పోటు నీరు లోపలి తలుపును తోసుకుని మడిలోకి చేరేది, పాటు (నీరు వెనక్కి తగ్గడం) మొదలవగానే మడిలోని నీటి ఒత్తిడికే ఆ తలుపు మూసుకుపోయేది. ఉప్పు తగిలే మేర నది ఒడ్డున వరి వేసేవారు కాదు. ఆ కట్టలను ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన వారి చేత వేయించారు. దానిని ఖర్చు లేని సాగు అనడం వారి చెమటను లెక్కలోంచి కొట్టివేయడమే. పైగా అక్కడ పోటు మీటరున్నర దాటి లేస్తుంది. మన తీరంలో పున్నమి, అమావాస్యలకు కూడా ఇంచుమించు ఒక మీటరే.

పొక్కాళి ఉప్పును కొంత తట్టుకునే రకం. అయినా జూన్ వానలు ఉప్పును కడిగాకే దానిని మట్టిదిబ్బల మీద మొలకెత్తిస్తారు. కోత తరువాత నీరు ఉప్పెక్కితే రొయ్యలు పెంచుతారు. నెల్లూరులో ప్రధాన వర్షాలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకే. మొలగొలుకులు దీర్ఘకాలపు పంట. వానలు ఆగాక కూడా వారాల తరబడి మంచినీరు కావాలి. సరిగ్గా పూత వేళ ఉప్పు తగిలితే ఆకు కొసలు ఎండి, కంకి తాలు పోతుంది. మామూలు వరి లవణీయత మీటరుకు 3 డెసీసీమెన్లు (ఉప్పదనాన్ని తెలిపే కొలత) దాటగానే దిగుబడి తగ్గించుకుంటుంది. సముద్రపు నీటిది సుమారు 50.

ఒక్క వానకు ఉప్పంతా కొట్టుకుపోతుందన్న మాట బంకమట్టి నేలల్లో చెల్లదు. ఉప్పులోని సోడియం మట్టిని పట్టుకుంటే జిప్సం వేసి, మంచినీరు నిలగట్టి, మురుగుకాలువలోకి వదలాలి. మురుగు పారే దారి లేకపోతే అదీ ఫలించదు. గండి కొట్టిన రైతుతో ఆగక, ఉప్పు పక్క చేలకూ, తాగునీటి బావులకూ పాకుతుంది. మొలగొలుకులు పండించదలచిన వారికి పెన్న కాలువ నీరే సరైనది. కాలువ చివరి భూముల వారు నారు పోసే ముందే మట్టి, నీరు రెండింటికీ లవణీయత పరీక్ష చేయించుకోవాలి.