1,499 నుంచి...

(విజయవాడ, పటమట. మే నెల, ఆదివారం, పొద్దున పదకొండు గంటలు. వరండాలో పాత చీర పరిచి, దాని మీద కొట్టించిన మామిడికాయ ముక్కలు గుట్టగా పోసి ఉన్నాయి. అత్తగారు పీట మీద కూర్చుని జీడి తీస్తున్నారు. అల్లుడి చేతికి ఒక పొడిగుడ్డ ఇచ్చి ముక్కలు తుడవమన్నారు. ఆటోనగర్లో కార్లు శుభ్రం చేసే షెడ్డు ఆయనది. భార్య ఊళ్ళో లేదు. ఉండుంటే ఈ సంభాషణ మూడో మాటకే ఆగిపోయేది.)

అల్లుడు: (ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని) ఆఁ సార్... ఏడు సీట్ల బండి కదా సార్... పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది... లోపలంతా కలిపే సార్... షెడ్డులో పెట్టేశారుగా, మా కుర్రాళ్ళు చూసుకుంటారు. ఉంటాను సార్.

అత్తగారు: బండి చూశారా అల్లుడుగారూ?

అల్లుడు: లేదండీ. కొంచెం దుమ్ముంది అన్నారు.

అత్తగారు: చూడకుండానే రేటు చెప్పేశారన్నమాట.

అల్లుడు: రేట్లు బోర్డు మీదే ఉన్నాయి కదండీ అత్తయ్యగారూ. చిన్న కారు 1,499 నుంచి, డిక్కీ ఉన్న కారు 1,699 నుంచి, ఏడు సీట్లది 1,999 నుంచి.

అత్తగారు: ఆ 'నుంచి' ఎక్కడుందండీ? మొన్న గుడికెళ్తూ చూశాను, నాకు కనపడలేదు. శుక్లాలు తీయించుకున్న కళ్ళివి. కొత్తవి.

అల్లుడు: కింద చిన్నగా ఉంటుందండీ.

అత్తగారు: అంకె అరచెయ్యంత, 'నుంచి' ఆవగింజంత. జనం ఏది చదువుతారు?

అల్లుడు: 'నుంచి' పెద్దగా రాస్తే ఎవరూ లోపలికి రారండీ.

అత్తగారు: ఇప్పుడు వచ్చినవాళ్ళు బయటికి పోవడంలేదుగా. ఒక్కో బండీ రెండేసి రోజులు అక్కడే పడుంటోంది. సరే, ఆ తొంభై తొమ్మిదేవిటి? మిగిలిన రూపాయి ఎవరికి వదిలేసినట్టు?

అల్లుడు: అది సైకాలజీ అండీ.

అత్తగారు: మా అమ్మాయికి సంబంధం చూసినప్పుడు నాకూ ఆ సైకాలజీ తెలిసుంటే బావుండేది. ముక్క వెనక వైపు కూడా తుడవండి బాబూ. తడి ఉంటే బూజు పడుతుంది.

అల్లుడు: కార్లో కార్పెట్ కూడా అంతేనండీ. పైన ఆరినట్టే ఉంటుంది. కింద స్పాంజిలో తడి ఉండిపోతే వారం తిరక్కుండా ముక్కిపోయిన వాసన.

అత్తగారు: అంత తెలిసినవారు కారు పొడుగు కొలిచి రేటు చెప్పడమేవిటండీ? డ్రైక్లీనింగ్ వాడు చీర ఆరు గజాలా తొమ్మిది గజాలా అని అడుగుతాడా, మరకేవిటని అడుగుతాడా?

అల్లుడు: మా లైన్లో అందరూ అంతేనండీ. పెద్ద బండికి పెద్ద రేటు.

అత్తగారు: మన వీధి చివరి హెడ్మాస్టరుగారిది పెద్ద కారే. కొని ఆరేళ్ళయింది, సీట్ల మీద షోరూం వాడు తొడిగిన ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదాయన. దానికి 1,699. ఎదురు మేడ వాళ్ళది చిన్న కారు. అందులో ఇద్దరు పిల్లలు, ఒక కుక్క. దానికి 1,499. ఏది కష్టం?

అల్లుడు: (నిట్టూర్చి) ఆ కుక్క వెంట్రుకలకే మూడు గంటలు పట్టిందండీ. మ్యాట్‌లోకి అల్లుకుపోతాయి, వాక్యూమ్‌కి రావు. రబ్బరు బ్రష్షుతో గీరాలి, గాలి కొట్టాలి, మళ్ళీ గీరాలి. దానికి తోడు వాళ్ళు మంగినపూడి బీచ్‌కి వెళ్ళొచ్చారు. సీటు పట్టాల్లో ఇసుక ఎంత తీసినా వస్తూనే ఉంది.

అత్తగారు: ఆ ఇసుకకి ఎంత తీసుకున్నారు?

అల్లుడు: ...ఎదురింటివాళ్ళు కదండీ.

అత్తగారు: అంటే ఇసుక ఉచితం. ప్రభుత్వమూ అదే అంటోంది కాబట్టి మిమ్మల్ని తప్పుపట్టలేను.

అల్లుడు: మీకు పచ్చళ్ళ వ్యాపారం తెలుసు, ఒప్పుకుంటాను. ఇది వేరండీ. ఇది టెక్నికల్.

అత్తగారు: అలాగా. షెడ్డు అద్దె ఎంత?

అల్లుడు: ఇరవై నాలుగు వేలు.

అత్తగారు: కుర్రాళ్ళిద్దరికీ?

అల్లుడు: ఒక్కొక్కరికి పదిహేను.

అత్తగారు: కరెంటూ నీళ్ళూ ఆరు వేలనుకోండి. అన్నీ కలిపి అరవై వేలు. నెలకి పాతిక రోజులు పనిచేస్తే రోజుకి 2,400. షెడ్డు తలుపు తీసినందుకే ఇంత. బండి వచ్చినా సరే, రాకపోయినా సరే.

అల్లుడు: అవునండీ. రోజుకి ఎనిమిది గంటలు. గంటకి 300. నేనూ లెక్క వేశాను. నాలుగు గంటల పనికి 1,200, మందులకో రెండొందలు. 1,499లో ఇంకా తొంభై తొమ్మిది మిగులు!

అత్తగారు: ఎనిమిది గంటలూ బళ్ళు వరసకట్టి నిలబడతాయా?

అల్లుడు: లేదనుకోండి. సగటున అయిదు గంటలు...

అత్తగారు: మిగతా మూడు గంటలూ మీరు ఫోను చూసుకుంటారు. ఆ మూడు గంటల అద్దె ఎవరిస్తారు? కాబట్టి 2,400ని అయిదుతో భాగించండి.

అల్లుడు: (వేళ్ళు మడిచి, విప్పి) 480.

అత్తగారు: గంటకి 480 పడుతుంటే 300 అనుకుని అమ్ముతున్నారు. ఇంకోటి, మీ కూలి ఎక్కడుందండీ అందులో?

అల్లుడు: నేను ఓనర్ని కదండీ. నాకు కూలేవిటి?

అత్తగారు: మరి నాకో? ఆవకాయ కిలో 500 అంటే అది మామిడికాయల ఖరీదనుకుంటున్నారా? కాయ, కొట్టిన కూలి, ఆవపిండి, గుంటూరు కారం, నువ్వుల నూనె, వెల్లుల్లి అన్నీ వేరు. మూడో రోజు తిరగ కలిపే ఈ చెయ్యి వేరు. ఈ చేతికి నేను డబ్బు కట్టుకుంటాను. మీ చేతులకి మీరు కట్టుకోకపోతే మా అమ్మాయి జీతంతో మీరు కార్లు కడుగుతున్నట్టు లెక్క. (గొంతు తగ్గించి) దానికి తెలీదనుకోకండి.

(ఫోను టింగుమంటుంది. అల్లుడు చూసి, బోర్లా పెట్టేస్తాడు.)

అత్తగారు: ఏవిటది?

అల్లుడు: కుర్రాడు ఫోటో పంపాడండీ. ఆ ఏడు సీట్ల బండిది. కొంచెం దుమ్ము.

అత్తగారు: ఇటివ్వండి. ...దుమ్మా? ఇది పెరుగన్నం కాదుటండీ! దానిమ్మ గింజలు కూడా కనిపిస్తున్నాయి.

అల్లుడు: హైదరాబాదు వెళ్ళొచ్చారట. దారిలో బ్రేకు వేస్తే డబ్బా తిరగబడి ఉంటుంది. పెరుగేగా, తుడిచేస్తే...

అత్తగారు: మే నెల ఎండలో, అద్దాలు మూసిన కార్లో, పెరుగు. ఇంట్లో గిన్నె కడక్కుండా వదిలేస్తేనే సాయంత్రానికి ఇల్లంతా తెలుస్తుంది.

అల్లుడు: (ఒప్పుకోక తప్పక) నిజమేనండీ. సీటు విప్పాలి. దాని కింద పసుపుపచ్చ ప్లగ్గులుంటాయి, ఎయిర్‌బ్యాగు వైర్లవి. ముందు బ్యాటరీ తీసెయ్యాలి, లేకపోతే డ్యాష్‌బోర్డులో ఎర్రలైటు వెలిగి కూర్చుంటుంది. తర్వాత కార్పెట్ ఎత్తాలి. ఎంజైమ్ మందు కొట్టి, అది పెరుగుని తినేదాకా ఆగి, మిషనుతో నీళ్ళు లాగాలి. పైపైన తుడిచి సెంటు కొడితే పెరుగూ మల్లెపూలూ కలిసి వాసనొస్తుంది. అది ఇంకా ఘోరం.

అత్తగారు: ఎన్ని గంటలు?

అల్లుడు: పెరుగు ఒక్కదానికే రెండు.

అత్తగారు: రాయండి.

అల్లుడు: కానీ 1,999 అని చెప్పేశాను కదండీ!

అత్తగారు: బుడమేరు పొంగినప్పుడు కూడా ఇదే మాట. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్ మునిగితే, మీరు మూడు కార్లకి మామూలు రేటు ఒప్పుకున్నారు. డ్యాష్‌బోర్డు వెనకనించి తట్టలకొద్దీ ఒండ్రు తీశారు. పదిహేను రోజులు షెడ్డులో కొత్త బండి పెట్టడానికి చోటు లేదు. ఆరితేగా, వానలాయె!

అల్లుడు: పాపం వాళ్ళు అంతా పోగొట్టుకున్నారండీ.

అత్తగారు: అది సాయం. సాయం చేశారు, దేవుడు చూశాడు. దాన్ని రేటు అని మాత్రం అనకండి. ఇప్పుడు ఫోను చేసి, "సార్, లోపల చూశాక మాట్లాడుతున్నాను, ఫోన్లో చెప్పింది దుమ్ముకి మాత్రమే" అనండి. పని మొదలుపెట్టక ముందు చెబితే అది రేటు. అయ్యాక చెబితే తగువు.

అల్లుడు: ఆయన ఏమన్నా అనుకుంటే?

అత్తగారు: అనుకోనివ్వండి. రాయండి, మామూలు పని ఎంత?

అల్లుడు: ఏడు సీట్లు కదా, అయిదు గంటలు. 2,400. పెరుగు రెండు గంటలు, 960. (ఫోను మళ్ళీ టింగుమంటుంది) అయ్యో! వెనక సీటు మీద నూనె కూడా ఉందండీ. కారం, పసుపు... గుడ్డ సీటు. మా కుర్రాడు అడక్కుండా క్లీనర్ కొట్టేశాడు, మరక ఎర్రగా అయిపోయింది!

అత్తగారు: అవదూ మరి. పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్ళు అవుతాయి కదా. మీ క్లీనర్లోనూ అలాంటి ఘాటే ఉండుంటుంది. సీటుకి దిష్టి తీసినట్టుంది.

అల్లుడు: ఇది మూడు గంటల పనండీ. ముందు నూనె అద్ది పీల్చాలి. రుద్దితే లోపలికి పోతుంది. తర్వాత కారం రంగు. పసుపైతే ఎండలో పెడితే కొంత తేలుతుంది, పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేను.

అత్తగారు: చెప్పలేనని కూడా చెప్పండి. మూడు గంటలు, 1,440. మందులు?

అల్లుడు: ఈ బండికి నాలుగొందలవుతాయి.

అత్తగారు: మీ కూలి ఎనిమిది వందలు. నోరెత్తకండి, రాయండి.

అల్లుడు: మొత్తం... 6,000! అత్తయ్యగారూ, 1,999 ఎక్కడ, 6,000 ఎక్కడ! ఆయన బండి తీసుకుపోతాడండీ.

అత్తగారు: పోనివ్వండి. ఆ సీటు మీద ఎవరు కూర్చుంటారు? ఇంత నూనె ఒలికేదాకా చూసుకోని మనుషులు. ఒళ్ళు తెలిసినవాళ్ళు సీసా నిలబెట్టి, చుట్టూ బట్టలు కుక్కి తీసుకెళ్తారు. అసలు ఆ సీసా మూత బిగించిన మహాతల్లి ఎవరో గానీ, ఆవిడ దగ్గర కూడా సగం వసూలు చెయ్యాలి.

అల్లుడు: (ఫోటో పెద్దది చేసి) సీసా కూడా అక్కడే పడుందండీ. గాజుది. మూత మీద ఎర్రగళ్ళ గుడ్డ వాసెన కట్టి, పురికొసతో...

(నిశ్శబ్దం. అత్తగారి చేతిలో జీడి అక్కడే ఆగుతుంది. వరండా మూల, మూతలకి ఎర్రగళ్ళ గుడ్డలు కట్టిన సీసాలు పన్నెండు, వరసగా.)

అత్తగారు: ఎవరి కారన్నారు?

అల్లుడు: లబ్బీపేట సార్ అండీ. మొన్న మొదటి విడతలో అయిదు కిలోలు పట్టుకెళ్ళారే, హైదరాబాదులో కొడుక్కివ్వాలని.

అత్తగారు: ...ఎండ ఎక్కువైనట్టుంది. ఆ ఫ్యాను ఇటు తిప్పండి బాబూ.

అల్లుడు: తిప్పాను. 6,000 అని చెప్పెయ్యమంటారా?

అత్తగారు: అసలు నూనె మరక ఏపాటిదండీ? కాస్త సున్నిపిండి చల్లితే పోతుంది. దానికి మూడు గంటలంటే, కుర్రాళ్ళు పని సాగదీస్తున్నారేమో కనుక్కోండి.

అల్లుడు: ఇప్పుడే కదండీ మీరు...

అత్తగారు: నువ్వుల నూనె ఖరీదైన సరుకు. అది సీటుకి మంచిదే చేస్తుంది.

అల్లుడు: అత్తయ్యగారూ!

అత్తగారు: పెద్దమనిషి. ఏటా పది కిలోలు తీసుకుంటారు. ఎప్పుడూ బేరమాడలేదు. మొత్తం చెప్పండి, ఆ మరక మాత్రం కాయితం మీద రాయకండి.

అల్లుడు: అప్పుడు 4,560. మరి నా 1,440 ఎవరిస్తారండీ? అద్దె ఆగదు, కరెంటు ఆగదు, తలుపు తీసినందుకే 2,400 అని...

అత్తగారు: నా మాటలు నాకే అప్పజెబుతారా?

అల్లుడు: మూత బిగించిన ఆవిడ దగ్గర సగం వసూలు చెయ్యాలని కూడా అన్నారండీ. నేను పూర్తిగా అడుగుతున్నాను. పొడుగు కొలవడంలేదు, మరక చూసే అడుగుతున్నాను.

అత్తగారు: డబ్బు నా దగ్గరెక్కడిది, అంతా కాయల్లో పెట్టాను. సరుకిస్తాను.

అల్లుడు: కిలో 500 చొప్పున 1,440కి... రెండు కిలోల ఎనిమిది వందల ఎనభై గ్రాములు.

అత్తగారు: గ్రాములేవిటి మధ్యలో, కాటా పెట్టే మొహాలు! మూడు కిలోలు తీసుకోండి. మూత మాత్రం మీరే బిగించుకోండి.